తుఫాను చుట్టం

జనవరి 8, సోమవారం. గాలి ఈశాన్యం, ఓ మోస్తరు.

శుక్రవారానికి పెద్ద మంచు తుఫాను అంటూ సెయింట్ జాన్స్ రేడియోలో కుర్రాడు పొద్దుటినుంచీ ఒకటే ఊదరగొడుతున్నాడు. వాడి గొంతులో సంతోషం వింటే ఇంట్లో పెళ్లి పెట్టుకున్నాడేమో అనిపిస్తుంది. ముప్పై ఏళ్లు ఈ ద్వీపం రోడ్ల మీద మంచు తోసే బండి నడిపినవాణ్ణి నేను. తుఫాను అంటే ఏమిటో వీడు నాకు చెప్పాలా?

ఇది డైరీ కాదు. బండి మీద ఉన్నన్నాళ్లూ గాలి, మంచు, రోడ్డు రోజూ రాసేవాణ్ణి, డిపోలో అడుగుతారు కాబట్టి. సెప్టెంబరులో రిటైరయ్యాను. చేతికి అలవాటు పోలేదు, అంతే. ఎఫీ ఇంట్లో లేక, మాట్లాడే మనిషి లేక రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల ఖర్మ.

నా పెళ్లాం ఎఫీ ఇప్పుడు వాళ్ల అక్క డ్రూసీ దగ్గర ఉంది. కొత్త సంవత్సరం రోజున వెళ్లింది. రెండ్రోజులుండి వస్తానంది. కారణం పొయ్యి. నవంబరులో వంటింట్లోని పాత ఇనప పొయ్యి తీయించేసి, గోడకి కరెంటు హీటరు పెట్టించాను. కట్టెలు కొట్టక్కర్లేదు, బూడిద ఎత్తక్కర్లేదు, బటన్ నొక్కితే వేడి. పెళ్లాం సుఖం గురించి ఇంకెవరి మొగుడైనా ఇంత ఆలోచిస్తాడా? పొయ్యి పారెయ్యడం ఎందుకని డ్రూసీకి ఉత్తినే ఇచ్చాను, ఆవిడ పొయ్యి బీటలు వారిందంటే. ఎఫీ నెలపైన నాతో ముక్తసరిగా మాట్లాడి, చివరికి "పొయ్యి ఎక్కడుంటే నేనక్కడ" అని సంచీ సర్దుకుంది.

పొద్దున పార కర్ర విరిగింది. వెళ్లి డ్రూసీ దగ్గర పార అడిగి తెచ్చుకున్నాను. పార కోసమే వెళ్లాను. గర్లండ్ కొట్లో కొత్త పారలు వరసగా నిలబెట్టి ఉన్నాయి గాని అవి ప్లాస్టిక్‌వి, నాకు నచ్చవు.

కుంటకి అవతలి గట్టున డ్రూసీ ఇల్లు. గడ్డకట్టిన కుంట మీదుగా నడిస్తే దగ్గర, రోడ్డు మీద పోతే చుట్టు తిరగాలి. డ్రూసీ నన్ను లోపలికి రమ్మనలేదు. గుమ్మంలో నిలబడే పార చేతికిచ్చింది.

"తుఫాను వచ్చే లోపల తెచ్చి పడెయ్ నాయనా. నాకున్నది ఇదొక్కటే."

"తెస్తాలే. ఎఫీ బావుందా?"

"నన్నడుగుతావేం? లోపలే ఉందిగా, దాన్నే అడుగు."

అడిగేవాణ్ణే. ఇంతలో లోపల్నుంచి ఇనప తలుపు కిర్రుమంది. అది నా పొయ్యి తలుపు. ఆ చప్పుడు ఎక్కడ విన్నా గుర్తుపడతాను. దాని వెనకే ఎఫీ గొంతు.

"తలుపెయ్యవే అక్కా, ఉన్న వేడంతా బయటికి పోతోంది."

వచ్చేశాను. నాకు పనులున్నాయి.

డిపోలో కొత్తగా వేసిన డ్రైవరు పిల్లాడు ఇంతవరకు పెద్ద తుఫాను చూడలేదు. డిపో వాళ్ల దగ్గర నా నంబరుంది. ఫోను ఛార్జింగులో పెట్టాను. బండి మీద చలికి వేసుకునే దళసరి నారింజ రంగు సూటు దులిపి గుమ్మం దగ్గర కొక్కేనికి తగిలించాను. దుమ్ము పట్టిందని దులిపాను, అంతే.

జనవరి 9, మంగళవారం. గాలి అలాగే.

ఊరు ఊరంతా గర్లండ్ కొట్లోనే ఉంది. రొట్టెల అర ఖాళీ. గుడ్లు అయిపోయాయి. బ్యాటరీల దగ్గర ఇద్దరు పెద్ద మనుషులు దాదాపు కొట్టుకున్నారు. తుఫాను ఎంత పెద్దదైనా రెండు మూడు రోజుల్లో పోతుందని అందరికీ తెలుసు, అయినా ఇక జన్మలో కొట్టు తెరవరన్నట్టు కొంటారు. నేనలాంటివాణ్ణి కాదు. కావాల్సినవే తెచ్చుకున్నాను. ఉప్పులో ఊరేసిన గొడ్డు మాంసం బకెట్, ఓ బస్తా బంగాళాదుంపలు, టర్నిప్పులు, బఠానీపప్పు, గట్టి బిస్కెట్లు, డబ్బా పాలు, బెల్లప్పాకం, కొవ్వొత్తులు, ఇంకా ఏవో. ఒక మనిషికి కావాల్సినవే. గర్లండే సంచులు మోసి బండిలో పెట్టడానికి రెండు సార్లు తిరగాల్సి వచ్చింది, వాడు బొత్తిగా బలం లేనివాడు.

చివర్లో తుఫాను చిప్స్. కరెంటు పోయినా, కప్పు ఎగిరిపోయినా తుఫానుకి చిప్స్ పొట్లం లేని ఇల్లు ఈ ద్వీపంలో ఉండదు. నేను టమాటా సాసు చిప్స్ తీసి బల్ల మీద పెట్టేసరికి గర్లండ్ కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు.

"ఎర్రవి తీసుకున్నావేంటయ్యా? చక్కెర పూసిన అట్టముక్కల్లా ఉంటాయని నువ్వేగా అనేది?"

"నేను తినే వెనిగరు పుల్లవి కనపళ్లేదు."

"లేవు మరి. చివరి పొట్లం పొద్దున్నే ఎఫీ పట్టుకుపోయింది."

"ఎఫీకి పులుపు పడదు."

"అయితే డ్రూసీకేమో."

"డ్రూసీకి పళ్లే లేవు."

"అదంతా నాకెందుకు బాబూ! అమ్మడం నా పని. ఎవరు తింటారో అడగడం నా పని కాదు."

నా వెనక వరసలో ఉన్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. అందులో నవ్వడానికి ఏముందో నాకు తెలియలేదు.

ఎర్రవే నాలుగు పొట్లాలు తెచ్చాను. ఉప్పువి కూడా ఉన్నాయి గాని పై అరలో ఉన్నాయి, అందలేదు.

డిపో నుంచి ఫోను రాలేదు.

జనవరి 10, బుధవారం.

స్నానాల తొట్టి నిండా నీళ్లు పట్టాను. డిపో నుంచి ఫోను రాలేదు.

జనవరి 11, గురువారం. గాలి పడిపోయింది. మంచి గుర్తు కాదు.

సామాన్ల గది సర్దడం పూర్తయింది. ఒకసారి తలుపు తీసి చూసుకున్నాను. మధ్యాహ్నం మళ్లీ చూసుకున్నాను. ఇంత పద్ధతిగా ఎఫీ ఎన్నడూ సర్దలేదు. డబ్బాల పేర్లన్నీ బయటికే తిరిగి ఉన్నాయి. ఎర్ర అట్టపెట్టె టీ రెండు పెట్టెలు వచ్చాయి. నేను నల్ల పెట్టె టీ తాగుతాను. కొట్లో హడావుడిలో అందినవి వేసుకొచ్చినట్టున్నాను. అలాగే బీట్‌రూట్ ఊరగాయ, కాళ్లకు రాసుకునే ఆ పచ్చ మందు. ఉండనీ, పాడైపోయేవి కావు.

పొయ్యి తీసిన చోట నేల మీద చదరంగా ఓ లేత రంగు మచ్చ మిగిలింది. వంటింట్లోకి వెళ్లిన ప్రతిసారీ అదే కనిపిస్తోంది. దాని మీద బంగాళాదుంపల బస్తా పెట్టాను. సగమే కప్పింది.

కరెంటు పోతే ఎలాగని గర్లండ్ అడిగాడు మొన్న. పోదు. కొత్త స్తంభాలు వేశారు. పోయినా వంటకి చిన్న గ్యాసు పొయ్యి ఉంది. నేను బండి మీద ఉన్న రోజుల్లో కూడా ఊళ్లో కరెంటు పోయిందని వైర్‌లెస్‌లో వినేవాణ్ణి. మర్నాడో ఆ మర్నాడో నేను ఇంటికొచ్చేసరికి ఇల్లు వెచ్చగానే ఉండేది. జనం ఊరికే భయపడతారు.

సాయంత్రం కాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాను. కుంట అవతల డ్రూసీ ఇంటి మీద పొగ నిటారుగా లేస్తోంది. బాగా ఎండిన కట్టెలు వేస్తున్నారు. అవి నేను కొట్టినవే. పొయ్యితో పాటు ఉత్తినే ఇచ్చాను. పొగ చూస్తే గాలి వాటం తెలుస్తుంది, అందుకే చూస్తూ కూర్చున్నాను.

రేడియో కుర్రాడు రేపు మధ్యాహ్నం మొదలవుతుందంటున్నాడు.

జనవరి 12, శుక్రవారం. పొద్దున. ఈశాన్యం, పెరుగుతోంది.

డ్రూసీ పార ఇక్కడే ఉండిపోయింది. తుఫాను లోపల తెచ్చివ్వమంది. అరువు తెచ్చిన వస్తువు చెప్పిన వేళకి ఇవ్వకపోతే మర్యాద కాదు.

ఇప్పుడే ఇవ్వచ్చు. కానీ ముందు భోజనం చెయ్యాలి. తర్వాత గడ్డం గీసుకోవాలి. మధ్యాహ్నం తుఫాను మొదలయ్యాక వెళ్తే డ్రూసీ తిరిగి పొమ్మనడానికి వీల్లేదు, అది నాకు తెలియక కాదు. ఈ ద్వీపంలో తుఫాను ఏ ఇంట్లో పట్టుకుంటే ఆ ఇంట్లో చుట్టమే. ఎందుకొచ్చావని అడగరు, ఎప్పుడు పోతావని అడగరు. వానపాముని చూసినట్టు చూసే మనిషికైనా మంచం వెయ్యాల్సిందే. అయితే నా ఉద్దేశం అది కాదు. పార ఇవ్వాలి, అంతే.

జేబులో పళ్ల బ్రష్షు పెట్టుకున్నాను. మామూలుగా పెట్టుకునేదే.

అదే రోజు, సాయంత్రం. డ్రూసీ ఇల్లు.

ఈ పుస్తకం కూడా కోటు జేబులోనే ఉండిపోయింది. అనుకోకుండా.

కుంట మీద సగం దూరం వచ్చేసరికి తుఫాను పట్టుకుంది. నా చెయ్యి నాకు కనపడలేదు. పార ముందుకు చాచి, గుడ్డివాడిలా తడుముకుంటూ డ్రూసీ కంచె పట్టుకుని గుమ్మం చేరాను. లోపలికి వచ్చి, టోపీ తీసి, రోజంతా మనసులో అనుకున్న మాట అన్నాను.

"పార తెచ్చాను. తుఫాను ముంచుకొచ్చింది. ఇక వెళ్లడానికి కుదిరేట్టు లేదు."

డ్రూసీ నా వెనక్కి చూసింది. "ఎఫీ ఏది?"

"ఎఫీ ఏదేంటి? ఇక్కడే కదా ఉంది?"

"ఓరి దేవుడా! అది అరగంట కిందట నీ ఇంటికే పోయిందయ్యా! మంచి బూట్లు అక్కడే ఉండిపోయాయి, తెచ్చుకుంటానని గర్లండ్ బండి ఆపి ఎక్కింది. ఇప్పుడెళ్తే తుఫానులో ఇరుక్కుపోతావే అంటే, ఇరుక్కుంటే ఇరుక్కున్నాలే అంది."

ఎఫీ రోడ్డు మీద. నేను కుంట మీద.

నేను తిరిగి తలుపు దాకా వెళ్లాను. డ్రూసీ నా కన్నా ముందు వెళ్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఆవిడకి డెబ్బై దాటాయి, నా భుజం దాకా కూడా రాదు.

"కూర్చో."

"డ్రూసీ, ఇల్లు ఇక్కడే, కనపడుతూనే ఉంది..."

"ఏదీ, చూపించు."

కిటికీలో తెల్లగా ఉంది, అంతే. ఇల్లు లేదు, కుంట లేదు, కంచె కూడా లేదు.

"తుఫానుకి వచ్చిన మనిషిని మా అమ్మ బయటికి పంపలేదు, నేనూ పంపను. నువ్వైనా సరే," అంది డ్రూసీ. 'నువ్వైనా' దగ్గర కొంచెం ఒత్తి పలికింది.

కూర్చున్నాను. ఇది రాస్తుండగా కరెంటు పోయింది.

జనవరి 13, శనివారం. గాలి ఎంతో రాయలేను. ఇల్లు ఊగుతోంది.

డ్రూసీ వంటిల్లు వేడెక్కి ఉడికిపోతోంది. నేను చొక్కా చేతులు మడుచుకుని, నా పొయ్యి పక్కన, నేను కొట్టిన కట్టెల వేడికి చెమటలు కక్కుతూ కూర్చున్నాను. కుంట అవతల ఎఫీ ఆ ఇంట్లో ఉంది. కరెంటు లేకపోతే ఆ హీటరు గోడకి తగిలించిన డబ్బా. దాంట్లో ఒక్క కట్టె కూడా పట్టదు.

డ్రూసీ ఇంట్లో పాత తీగ ఫోను ఉంది, ఇంకా పనిచేస్తోంది. మా ఇంట్లో తీగ ఫోను పోయినేడాది నేనే తీయించాను, మొబైళ్లుండగా దండగని. ఎఫీ మొబైలుకి చేస్తే అందుబాటులో లేరని ఎవరో ఆడమనిషి చెబుతోంది. పొద్దుటినుంచీ ఆవిడతోనే మాట్లాడుతున్నాను.

డిపోకి చేశాను. ఎత్తినవాడు కొత్తవాడు. "బండ్లన్నీ రోడ్డు మీంచి తీసేశాం సార్. ముందు ఏమీ కనపడట్లేదు." నేనైతే తీసుండేవాణ్ణి కాదని చెప్పాను. మీరెవరండీ అని అడిగాడు. పేరు చెప్పాను. స్పెల్లింగ్ అడిగాడు.

మధ్యాహ్నం ఒకసారి డ్రూసీ పెరట్లోకి కట్టెలకి వెళ్లినప్పుడు ముందు తలుపు తీసుకుని బయటపడ్డాను. కంచె దాకా వెళ్లాను. కంచె చివర ఇంకో అడుగు వేస్తే నడుం దాకా దిగిపోయాను. ఏ వైపు నుంచి వచ్చానో మర్చిపోయాను. ముప్పై ఏళ్లు ఇలాంటివాటి మధ్యే తిరిగాను, కానీ ఎప్పుడూ అద్దం వెనక, ఎత్తు మీద, కాళ్ల దగ్గర వేడి గాలి తగులుతూ ఉండేది. ఇది వేరేగా ఉంది. డ్రూసీ గుమ్మంలో నిలబడి గరిటెతో గిన్నె వాయిస్తుంటే ఆ చప్పుడు పట్టుకుని వెనక్కి వచ్చాను.

తిట్టలేదు. బఠానీ సూపు ముందు పెట్టింది. ఆవిడ తిట్టకపోతే నాకు భయమేస్తుంది.

"మా రోజుల్లో ఇలాంటి తుఫానుకి కూడా బండి తీసేవాళ్లం," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"తీసేవాడివిలే. నువ్వు బండి తీసేవాడివి, అది ఫోను తీసేది."

"ఎవరు?"

"ఎవరేంటి? ఎఫీ. తుఫాను వచ్చిన ప్రతిసారీ నాకు ఫోను చేసేది. రాత్రంతా అలా మాట్లాడుతూనే ఉండేది. 'అక్కా, ఇంకో కట్టె వేసొస్తా, పెట్టెయ్యకు' అనేది. నేను కునికిపాట్లు పడుతుంటే, 'నిద్రపోతున్నావా, నిద్రపోకే' అనేది. నీకు తెలీదా?"

నాకు తెలియదు.

"ఇంటికొచ్చేసరికి వెచ్చగా ఉండేదా, లేదా?" అంది డ్రూసీ.

ఉండేదని చెప్పాను.

ఆ తర్వాత పేక ముక్కలు తీసింది. ఆడాం. అన్ని ఆటలూ ఆవిడే గెలిచింది. ఆవిడ ముక్కలు దాచుకుంటుందని నాకు తెలుసు, చెప్పే స్థితిలో లేను.

పొయ్యి అంత వేడిగా ఉన్నా నాకు కాళ్లు చల్లగా ఉన్నాయి. ఎఫీకి ఏమైనా అయితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. రాసి పెట్టుకుంటున్నాను, తెలియదు.

జనవరి 14, ఆదివారం. గాలి లేదు.

తెల్లారేసరికి ఆగింది. ఎండ కూడా వచ్చింది, ఏమీ ఎరగనట్టు. డ్రూసీ దగ్గర మళ్లీ పార అరువు అడిగాను.

"తుఫాను లోపల తెచ్చివ్వు," అంది. నవ్వలేదు.

కుంట దాటుతూ మా ఇంటి కప్పు మీద పొగ కోసం చూశాను. పొగ లేదు. ఎందుకుంటుంది, పొగగొట్టం కూడా నేనే తీయించాను కదా. అయినా నడిచినంత సేపూ పైకే చూస్తూ నడిచాను.

కిటికీల దాకా మంచు పేరుకుంది. గుమ్మం లేదు. ఇంట్లో ఉన్నది విరిగిన పార. మంచిది నా చేతిలో ఉంది. తుఫానుకి ముందు ఇంట్లోంచి పార ఎత్తుకుపోయినవాడు ఈ ద్వీపంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. తవ్వాను. తలుపు పైభాగం కనపడగానే పిలిచాను. పలకలేదు. ఇంకా తవ్వి, ఇంకా గట్టిగా పిలిచాను. పలకలేదు. నేను ఏడ్వలేదు. గాలికి కళ్ల వెంట నీళ్లు కారతాయి, అది మామూలే.

"అరవకు హెడ్లీ," అంది లోపల్నుంచి. "చెవుడు నీకు, నాకు కాదు."

తలుపు తెరుచుకునేంత తవ్వి లోపలికి దూరాను.

ఎఫీ వంటింట్లో ఉంది. బంగాళాదుంపల బస్తా పక్కకి లాగేసి, పొయ్యి తీసిన ఆ లేత మచ్చ మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒంటి మీద నా నారింజ రంగు సూటు. మెడ దాకా జిప్పు, నెత్తి మీద టోపీ, సూటు చేతులు ఆమె చేతుల కన్నా జానెడు పొడుగు. దాని మీద ఇంట్లో ఉన్న బొంతలన్నీ. ముక్కు మాత్రం ఎర్రగా కనిపిస్తోంది. పక్కన గ్యాసు పొయ్యి మీద టీ. గ్యాసు పొగ పోవడానికి కిటికీ ఓ వేలెడు తెరిచి పెట్టుకుంది, బుద్ధిమంతురాలు. నేల మీద ఎర్ర చిప్స్ పొట్లాలు నాలుగూ ఖాళీ.

బల్ల మీద, నా కుర్చీ ముందు, పుల్ల చిప్స్ పొట్లం ఉంది. విప్పలేదు.

"ఎక్కడికి పోయావు?" అంది.

"పార ఇవ్వడానికి. నువ్వు?"

"బూట్లకొచ్చాను."

బూట్లు ఆమె కాళ్లకే ఉన్నాయి. కొత్త సంవత్సరం రోజున వెళ్తూ వేసుకున్నవీ అవే. ఆమె నా కోటు జేబులోంచి తొంగిచూస్తున్న పళ్ల బ్రష్షు వైపు చూసింది.

"భయమేసిందా?" అన్నాను.

"ఇదే మొదటిసారా నాకు భయపడటం? ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో తుఫాను నాదే." టీ ఓ గుక్క తాగింది. ఆమె పళ్లు కప్పుకి తగిలి టకటకమన్నాయి. "ఇప్పుడు రిటైరయ్యావు కదా, ఈసారైనా తుఫానులో ఇంట్లో మనిషి ఉంటాడనుకుని వచ్చాను. వచ్చి చూద్దును కదా, మనిషీ లేడు, పొయ్యీ లేదు. సామాన్లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి."

నేను టోపీ తీసి బల్ల మీద పెట్టాను.

"ఈ టీ ఎవరికి కొన్నావు?" అంది.

"అందింది తెచ్చాను."

"బీట్‌రూట్?"

"అదీ అంతే."

ఆమె సూటు చెయ్యి ఎత్తి చూసుకుంది. "ఇది ఎంత వెచ్చగా ఉందో తెలుసా హెడ్లీ? నాకిన్నాళ్లూ తెలీలేదు. ముప్పై చలికాలాలు ఇందులో ఉన్నవాడివి, పొయ్యి దండగ అనక ఏం చేస్తావులే."

ఎగతాళిగా అనలేదు. నా వైపు నిజంగా న్యాయం ఆలోచించి అన్నట్టు అంది. తిట్టినా బావుండేది.

నేను కుర్చీలో కూర్చుని పొట్లం విప్పాను. ఇద్దరి మధ్యా పెట్టాను. ఎఫీ ఒకటి తీసి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. తర్వాత ఇంకోటి తీసుకుంది.

జనవరి 15, సోమవారం. గాలి పడమర, తక్కువ.

కరెంటు వచ్చింది. హీటరు గుర్రుమంటోంది. ఎఫీకి జలుబు చేసింది, సూటు విప్పనంటోంది.

రోడ్డు తెరిస్తే అక్క ఇంటికి పోతానంది. మధ్యాహ్నం డిపో బండి ఇంటి ముందు నుంచే గడగడమంటూ పోయింది. కిటికీలో గిన్నెలు కూడా అదిరాయి. నేను పత్రిక చదువుకుంటున్నాను, తల ఎత్తలేదు. ఎఫీ టీ కలుపుతోంది, ఆమె కూడా ఎత్తలేదు.

కప్పు నా ముందు పెట్టి, "రోడ్డు ఇంకా తెరిచినట్టు లేరు," అంది.

"లేరు," అన్నాను.

జనవరి 20, శనివారం. గాలి లేదు.

పొయ్యి తేవడానికి డ్రూసీ ఇంటికి వెళ్లాను. పారతో మొదలుపెట్టాను. పార తీసుకుంది. పొయ్యి మాట ఎత్తేసరికి చేతులు నడుం మీద పెట్టింది.

"ఇచ్చింది తిరిగి అడుగుతావా?"

"ఎఫీకి కావాలి."

"నాకు మాత్రం అక్కర్లేదా? నా పాతది బీటలు వారిందని తెలుసుగా?"

"దానికి అతుకు వేయిస్తాను. లేదా వేరేది చూస్తాను. వసంతం లోపల ఏదో ఒకటి..."

"వసంతం దాకా నేను ఏం పెట్టుకుని చలి కాచుకోవాలి, నీ హీటరా?"

నేను ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆవిడ నాకన్నా ముందే ఆలోచించి పెట్టుకున్నట్టుంది. లోపలికి పోయి ఓ సంచీ, పేక ముక్కల డబ్బా పట్టుకొచ్చింది.

"పొయ్యి ఎక్కడుంటే నేనక్కడ," అంది.

గర్లండ్, నేను, ఇంకో ఇద్దరూ కలిసి పొయ్యిని మంచు మీద లాగే బల్లకి కట్టి కుంట దాటించాం. డ్రూసీ అదే బల్ల మీద వేసిన కట్టెలపైన కూర్చుని అటు లాగండి, ఇటు లాగండి అని చెబుతూ వచ్చింది. పొగగొట్టానికి గోడలో కన్నం మళ్లీ కొట్టించాను. పొయ్యి ఆ మచ్చ మీద సరిగ్గా కూర్చుంది. హీటరు గోడకే ఉంది. ఎఫీ దాని మీద తడి మేజోళ్లు ఆరేస్తోంది.

రాత్రి పేకాటలో ఓడిపోయాను.

జనవరి 25, గురువారం. గాలి ఈశాన్యం, బాగా ఎక్కువ.

మళ్లీ తుఫాను. రేడియో కుర్రాడి ఆనందానికి హద్దుల్లేవు. ఈసారి కొట్టుకి ఎఫీ వెళ్లింది. పుల్లవి, ఎర్రవి, డ్రూసీ టీలో నానబెట్టుకోవడానికి మెత్తవి కూడా తెచ్చింది. డబ్బాలన్నీ ఇష్టమొచ్చినట్టు సర్దింది, ఒక్క పేరు కూడా బయటికి లేదు.

చీకటి పడే వేళకి డిపో నుంచి ఫోను వచ్చింది. పెద్దాయనే స్వయంగా చేశాడు. కొత్త డ్రైవరు పిల్లాడికి జ్వరం, ఈ ఒక్క రాత్రికీ రావాలి హెడ్లీ, నువ్వు తప్ప ఆ కొండ రోడ్డు మీద ఎవరూ బండి తిప్పలేరు అన్నాడు. నేను ఎదురుచూసిన మాటలన్నీ వరసగా అన్నాడు, ఒక్కటీ వదలకుండా. పక్క ఊరి బండి ఎవరిదైనా దొరుకుతుందా అని అడిగాను. దొరుకుతుంది గాని నువ్వయితే ఆ తీరే వేరు అన్నాడు.

గుమ్మం దగ్గర కొక్కెం వైపు చూశాను. ఖాళీగా ఉంది.

ఎఫీ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి ఎర్రగా మండుతోంది, డ్రూసీ విసనకర్రతో విసురుకుంటోంది. ఆ వేడిలో ఎఫీ మెడ దాకా జిప్పు పెట్టుకుని నా సూటులో కూర్చుంది. నుదుటి మీంచి చెమట కారుతోంది. ఫోను మోగిన దగ్గర్నుంచి నా వైపు చూడలేదు. పొయ్యి తలుపు కిర్రుమని తీసి, ఇంకో కట్టె వేసింది.

సూటు ఖాళీ లేదని చెప్పి పెట్టేశాను.